అందరూ టీషర్ట్‌లు వేసుకునే ఆఫీసులో నేనేం వేసుకోవాలి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ డేటా టీమ్‌లో నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. మా ఆఫీసులో డ్రెస్ కోడ్ అంటూ ఏమీ లేదు. మా డైరెక్టర్ గారే షార్ట్స్, హుడీ వేసుకుని వస్తారు. నేనూ జీన్స్, చేతికి దొరికిన టీషర్ట్‌తో వెళ్లిపోతాను. పోయిన నెల క్లయింట్ వాళ్లు వచ్చారు. ప్రజెంటేషన్ మొత్తం నాదే, కానీ ప్రశ్నలన్నీ నాకంటే రెండేళ్లు జూనియర్‌ని అడిగారు. అతను ఆ రోజు ఇస్త్రీ షర్ట్ టక్ చేసుకుని వచ్చాడు. తర్వాత రివ్యూలో మా మేనేజర్ గారు, "నీ పనికి వంక పెట్టడానికి లేదు, కానీ చూడగానే లీడ్‌లా అనిపించాలి, ప్రెజెన్స్ పెరగాలి" అన్నారు. మర్నాడు బ్లేజర్ వేసుకెళ్తే టీమంతా "ఇంటర్వ్యూ ఏ కంపెనీలో?" అని ఏడిపించారు. మధ్యాహ్నానికల్లా తీసేసి బ్యాగులో కుక్కేశాను. బట్టల వల్ల ప్రమోషన్ ఆగుతుందా? పని ఒక్కటే సరిపోదా? అసలు నేనేం వేసుకోవాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: బట్టలు చూసి ఎవరూ ప్రమోషన్ ఇవ్వరు. అయితే పనిలో ఇద్దరూ సమానంగా ఉన్నప్పుడు, అందులోనూ ఆ పనిని దగ్గర నుంచి చూడని పెద్దవాళ్లు నిర్ణయం తీసుకునేటప్పుడు, మనిషి కనిపించే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. అది న్యాయమా అంటే కాదు. వస్తుందా అంటే వస్తుంది. నా మాట సూటిగా చెప్పాలంటే, మీరు మార్చుకోవాల్సింది కొంచెమే. మీ మేనేజర్ దగ్గర తేల్చుకోవాల్సింది మాత్రం చాలా ఉంది.

మీ ఉత్తరంలో మూడు సంఘటనలున్నాయి. క్లయింట్, మేనేజర్, టీమ్. మూడింటినీ కలిపి "నా బట్టలు బాగోలేవు" అనే ఒక్క ముడి వేసుకున్నారు. విడదీసి చూద్దాం.

ముందు క్లయింట్. వాళ్లకు మీ నాలుగేళ్ల పని తెలియదు. గదిలోకి వచ్చారు, ఎదురుగా ఉన్నవాళ్లను చూశారు, ఎవరు పెద్ద, ఎవరు చిన్న అని మనసులో ఒక అంచనా వేసుకున్నారు. ఈ అంచనా ఎంత త్వరగా పడిపోతుందో 2020లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒకే ముఖాన్ని కాస్త ఖరీదుగా కనిపించే బట్టలతో ఒకసారి, సాదా బట్టలతో ఒకసారి చూపించారు. ఖరీదైన బట్టల్లో ఉన్న ముఖాన్నే ఎక్కువ సమర్థంగా ఉన్నట్టు జనం ఎంచారు. ఫొటోను 129 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఎనిమిదో వంతు చూపించినా అంతే. బట్టలను పట్టించుకోవద్దని ముందే చెప్పినా అంతే. కాబట్టి మీ క్లయింట్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదు. కళ్లు చేసే పని అది.

కానీ మీరు రాసిన దాంట్లో "అతను" అన్న మాట కూడా ఉంది. ఒక మహిళ, ఒక మగవాడు పక్కపక్కన ఉంటే అతనే లీడ్ అనుకోవడం చాలా ఆఫీసుల్లో పాత అలవాటు. అక్కడ జరిగింది అదే అయితే మీరు ఎంత మంచి బ్లేజర్ వేసుకున్నా ప్రశ్నలు అటే వెళ్లేవి. దానికి మందు బట్టల బీరువాలో లేదు, మీటింగ్ మొదలుపెట్టే తీరులో ఉంది. మొదటి నిమిషంలోనే మీ మేనేజర్ "ఈ ప్రాజెక్టు ఈవిడది, సందేహాలు ఈవిడనే అడగండి" అని పరిచయం చేయాలి. చేయమని మీరే ముందురోజు అడగండి, అందులో మొహమాటం అక్కర్లేదు. ఆ జూనియర్‌తో కూడా ఒక మాట అనుకోండి. ప్రశ్న తన దగ్గరికి వస్తే "ఇది మేడమ్ చెప్తారు" అని మీ వైపు తిప్పాలి. ఇన్నాళ్లూ అతను తిప్పకపోవడం కొంటెతనం కాకపోవచ్చు, ఎవరూ చెప్పి ఉండరు. మీరు కూర్చునే చోటు కూడా చూసుకోండి. ల్యాప్‌టాప్ కేబుల్ కోసమని మూలన కూర్చుంటే ప్రజెంటేషన్ నడిపే ఆపరేటర్ అనుకుంటారు. క్లయింట్‌కి ఎదురుగా కూర్చుని, కేబుల్ సంగతి ఇంకొకరికి అప్పగించండి.

ఇక మీ డైరెక్టర్ గారి హుడీ. "ఆయనే అలా వస్తుంటే నాకేంటి" అనే లెక్క చాలామంది వేసుకుంటారు, అక్కడే తప్పుతుంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఉండటం కొందరికి గొప్పగా చెల్లుతుంది, కొందరికి చెల్లదు. దీని మీద హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేరున్న యూనివర్సిటీలో గడ్డం గీసుకోకుండా, టీషర్ట్‌తో పాఠం చెప్పే ప్రొఫెసర్‌ని, టై కట్టుకున్న ప్రొఫెసర్ కంటే గొప్పవాడని విద్యార్థులు అనుకున్నారు. అయితే దానికి షరతులున్నాయి. చూసేవాళ్లకు అక్కడి పద్ధతి తెలిసి ఉండాలి. ఈ మనిషి ఆ పద్ధతిని కావాలనే పక్కన పెట్టాడని అనిపించాలి. డైరెక్టర్ హుడీ చూస్తే "ఈయనకు ఎవరినీ మెప్పించాల్సిన అవసరం లేదు" అనిపిస్తుంది. అదే హుడీ కొత్తగా చేరిన ఉద్యోగి మీద చూస్తే "ఇంకా కాలేజీ వదలలేదు" అనిపిస్తుంది. హోదా ముందు వచ్చింది, ఆ తర్వాతే హుడీకి విలువ వచ్చింది.

ఈ టీషర్ట్ సంస్కృతికి ముఖచిత్రం లాంటి ఫేస్‌బుక్ అధినేత మార్క్ జుకర్‌బర్గ్ సంగతే చూడండి. ఆర్థిక మాంద్యం నడుస్తున్న 2009లో, ఇది సీరియస్‌గా పనిచేయాల్సిన సంవత్సరం అని చెప్పడానికి ఏడాది పొడవునా టై కట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. 2012లో కంపెనీ షేర్లు మార్కెట్‌లోకి వచ్చే ముందు ఇన్వెస్టర్ల దగ్గరికి హుడీలో వెళ్తే, అది పరిణతి లేకపోవడమేనని ఒక విశ్లేషకుడు విమర్శించాడు. 2018లో అమెరికా కాంగ్రెస్ ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు సూటు, టై వేసుకుని కూర్చున్నాడు. ఎవరి ఎదుట కూర్చుంటున్నామో దాన్నిబట్టి అంతటివాడూ మార్చుకున్నాడు. మీరు తీసుకోవాల్సింది ఆయన హుడీని కాదు, ఈ మార్చుకోవడాన్ని.

డ్రెస్ కోడ్ లేదన్నారు. ఉంది, రాసిపెట్టలేదు అంతే. రాసిపెట్టి ఉన్న ఆఫీసులో చదువుకుని పాటిస్తే సరిపోయేది. రాయని చోట ఊహించుకోవాలి, అందుకే ఈ టెన్షన్. ఈ అయోమయం మీ ఒక్కరిదే కాదు, పాతదే. శుక్రవారాల్లో మామూలు బట్టలు వేసుకోవచ్చని అమెరికా కంపెనీలు అనుమతించడం మొదలుపెట్టాక, ఏది మామూలో ఏది మరీ మామూలో తేల్చుకోలేక హెచ్ఆర్ వాళ్లు తలలు పట్టుకున్నారు. 1992లో లీవైస్ కంపెనీ క్యాజువల్‌గా ఎలా ఉండాలో చూపిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చేసి, సుమారు 25,000 మంది హెచ్ఆర్ మేనేజర్లకు పంపింది. స్వేచ్ఛగా ఎలా ఉండాలో ప్యాంట్లు అమ్మే కంపెనీ నేర్పించిందన్నమాట. అమ్మకాలు ఎటు పెరిగాయో వేరే చెప్పాలా!

దీనికి నాకు బాగా నచ్చిన పరిష్కారం జనరల్ మోటార్స్‌లో దొరుకుతుంది. 2009లో మేరీ బారా అక్కడ హెచ్ఆర్ చూసేటప్పుడు, పది పేజీల డ్రెస్ కోడ్‌ని తీసేసి, సందర్భానికి తగ్గట్టు వేసుకోండి అని రెండు మాటల్లో తేల్చేశారు. ఒక సీనియర్ డైరెక్టర్‌కి అది మింగుడుపడలేదు. మా టీమ్‌లో కొందరు ఉన్నట్టుండి ప్రభుత్వ అధికారులను కలవాల్సి వస్తుంది, జీన్స్‌లో ఎలా వెళ్తారు అని అడిగారు. మీ టీమ్‌తోనే మాట్లాడండి అన్నారు బారా. వాళ్లు కూర్చుని మాట్లాడుకుని, అలా వెళ్లాల్సి వచ్చే నలుగురూ ఒక ఫార్మల్ ప్యాంటు లాకర్‌లో పెట్టుకుంటే సరిపోతుందని తేల్చుకున్నారు. సమస్య అయిపోయింది. మీ బ్లేజర్ కూడా ఇంట్లో కాదు, ఆఫీసు లాకర్‌లో హ్యాంగర్‌కి ఉండాలి. రోజూ వేసుకోవాల్సిన పని లేదు.

మరి రోజూ ఏం వేసుకోవాలి? డైరెక్టర్‌ని చూడకండి. మీకు సరిగ్గా ఒక మెట్టు పైన ఉన్నవాళ్లను, అంటే లీడ్‌లను, ఒకటి రెండు వారాలు గమనించండి. మామూలు రోజు చూస్తే పెద్దగా తెలియదు. బయటివాళ్లు వచ్చే రోజు, పెద్దవాళ్ల ముందు రివ్యూ ఉన్న రోజు వాళ్లలో ఏం మారుతుందో చూడండి. కాలర్ వస్తుందా, చెప్పుల బదులు షూస్ వస్తున్నాయా, జీన్స్ రంగు ముదురుతోందా? ఆ మార్పే మీ ఆఫీసులో ఎవరూ రాయని డ్రెస్ కోడ్.

టీషర్ట్ మానేయాల్సిన పని లేదు. "చేతికి దొరికిన" టీషర్ట్ మానేస్తే చాలు. క్యాజువల్ ఆఫీసులో అసలు తేడా ఫార్మల్‌కి, క్యాజువల్‌కి మధ్య ఉండదు. చూసుకుని వేసుకున్నదానికి, చూసుకోకుండా వేసుకున్నదానికి మధ్య ఉంటుంది. భుజం కుట్టు మీ భుజం ఎముక చివరకే రావాలి, చేతి మీదకు జారితే అన్నయ్య టీషర్ట్ తొడుక్కున్నట్టు ఉంటుంది. మెడ పట్టీ అలలుగా సాగిపోయిందా, ఇక అది ఇంట్లోకే. బట్ట మరీ పల్చగా ఉంటే లోపలివి కనిపిస్తాయి, నాలుగు ఉతుకులకే వంకర పోతుంది. కొనేటప్పుడు లేబుల్ మీద జీఎస్‌ఎమ్ ఉంటే చూడండి. చదరపు మీటరు బట్ట బరువు ఎన్ని గ్రాములో చెప్పే అంకె అది. 180, ఆ పైన ఉన్నవి ఒంటి మీద నిలబడతాయి. నల్లవి, నీలివి తిరగేసి చల్లనీళ్లలో ఉతికి నీడలో ఆరేస్తే రంగు ఎక్కువ కాలం ఉంటుంది. వెలిసిపోయిన నలుపు కంటే శుభ్రమైన బూడిదరంగు వంద రెట్లు మేలు. ఛాతీ మీద జోకులు, సినిమా డైలాగులు ఉన్నవి మీటింగ్ లేని రోజుకి ఉంచుకోండి. మీరు మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు చదువుకుంటూ కూర్చుంటారు. ఇంకో సంగతి, ఏదో కాన్ఫరెన్స్‌లో ఉచితంగా ఇచ్చిన వేరే కంపెనీ టీషర్ట్‌తో క్లయింట్ ముందుకు వెళ్లకండి. అది వాళ్ల పోటీ కంపెనీదై ఉంటుంది, సరిగ్గా ఆ రోజే!

జీన్స్ ముదురు రంగుది, చిరుగులు లేనిది, అంచు నేల మీద ఈడ్వనిది. షూస్ ఏవైనా సరే, శుభ్రంగా ఉండాలి. కొత్తవి కొనే ముందు ఉన్నవాటిని టైలర్ దగ్గరికి తీసుకెళ్లండి. నడుము దగ్గర కాస్త పట్టించినా, అంచు తగ్గించినా పాత ప్యాంటు కొత్తదానికంటే బాగా కూర్చుంటుంది. ఇరవై డ్రెస్సులు కొనమనే సలహాలు చదివి ఉంటారు, వదిలేయండి. బాగా అమరిన ఐదారు పైబట్టలు, రెండు మూడు ప్యాంట్లు మార్చి మార్చి వేసుకుంటే ఎవరూ లెక్కపెట్టరు.

టీషర్ట్ మీద ఇంకొక పొర మీకు బాగా పనికొస్తుంది. బొత్తాలు తీసి వేసుకునే షర్ట్ కానీ, సన్నటి కార్డిగన్ కానీ, భుజాల్లో ప్యాడ్‌లు లేని మెత్తటి బ్లేజర్ కానీ. లోపల అదే టీషర్ట్, కింద అదే జీన్స్, కాబట్టి ఇంటర్వ్యూ వేషం అనిపించదు. మీటింగ్ అయ్యాక తీసి కుర్చీకి తగిలిస్తే మళ్లీ మామూలే.

దీంతో మీ టీమ్ వేళాకోళం దగ్గరికి వచ్చాం. వాళ్లు నవ్వింది బ్లేజర్‌ని చూసి కాదు, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య దూరం చూసి. నాలుగేళ్లు ఒకలా వచ్చిన మనిషి రాత్రికి రాత్రి మారితే ఎవరైనా ఒక మాట అంటారు. అందులో పగ ఉండదు. కానీ మీరు మధ్యాహ్నానికి తీసేయడం వల్ల అది జోక్‌గానే మిగిలింది. ఈసారి ఒక్కొక్కటీ మార్చండి. ముందు షూస్, తర్వాత టీషర్ట్‌లు, ఇంకొన్నాళ్లకు పైపొర. ఎవరైనా ఏమన్నా "మధ్యాహ్నం క్లయింట్ కాల్ ఉంది" అని చెప్పి పనిలో పడండి. సంజాయిషీ ఇచ్చుకోవద్దు. పైగా మనల్ని అందరూ గమనిస్తున్నారని మనం అనుకున్నంతగా నిజంగా గమనించరు. 2000లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో, విద్యార్థులకు వేసుకోవడానికి సిగ్గుపడే బొమ్మ ఉన్న టీషర్ట్ తొడిగి, ఇతరులున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మని గుర్తుపట్టి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గుర్తుపట్టింది నాలుగో వంతు కూడా కాదు.

వీడియో కాల్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. సన్న చారలున్న షర్ట్ కెమెరాలో మిణుకు మిణుకుమంటుంది, వద్దు. తెల్లటి బట్ట ఫ్రేమ్‌లో ఎక్కువగా ఉంటే కెమెరా వెలుతురు తగ్గించేసుకుంటుంది, ముఖం నల్లబడుతుంది. వెనక గోడ రంగే వేసుకుంటే తల ఒక్కటే గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది. కెమెరాని కళ్ల ఎత్తుకి పెంచుకోండి, సగం సమస్యలు తీరతాయి.

మంచి బట్టలు వేసుకుంటే ఆత్మవిశ్వాసం దానంతటదే పెరుగుతుందని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 2012లో ఒక ప్రయోగం బాగా పేరు తెచ్చుకుంది. డాక్టర్ కోటు అని చెప్పి తెల్లకోటు తొడిగితే ఏకాగ్రత పెరిగిందన్నారు. 2019లో ఇంకా ఎక్కువ మందితో అందులోని ఒక ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి బ్లేజర్ మీకు ధైర్యం ఇస్తుందని నేను చెప్పను. ఇబ్బందిపెట్టే బట్ట మాత్రం ధ్యాసని కచ్చితంగా లాగేస్తుంది. వైట్‌బోర్డ్ మీద పైవరకు రాయడానికి చెయ్యెత్తి చూడండి, కుర్చీలో ముందుకు వంగి చూడండి. ప్రతిసారీ సర్దుకోవాల్సి వస్తే అది మీటింగ్‌కి పనికిరాదు, ఎంత అందంగా ఉన్నా సరే. నడవలేని హీల్స్ కూడా ఈ లెక్కలోవే. మహిళల విషయంలో కాస్త ఎక్కువ తయారైతే ఒక మాట, తక్కువ తయారైతే ఇంకో మాట ఎలాగూ వస్తాయి. రెండింటికీ దొరక్కుండా ఉండే డ్రెస్ ఇంతవరకూ ఎవరూ కుట్టలేదు. అందుకని దాని కోసం వెతకొద్దు. మీకు సౌకర్యంగా, పైన చెప్పిన ఒక మెట్టు దగ్గర్లో ఉంటే చాలు, మిగతా మాటలు వాళ్లవి.

చివరగా మీ మేనేజర్. "ప్రెజెన్స్ పెరగాలి" అనడం నాకు నచ్చలేదు. అది ఫీడ్‌బ్యాక్ కాదు, ఫీడ్‌బ్యాక్ ఇవ్వకుండా తప్పించుకోవడం. ఆయన మనసులో ఉన్నది బట్టలు కావచ్చు. మీరు మీటింగ్‌లో చివర్లో గానీ నోరు విప్పరని కావచ్చు. డైరెక్టర్ ప్రశ్న వేస్తే "చూసి చెప్తాను" అంటారని కావచ్చు. లేదా ప్రమోషన్ కోటా అయిపోయి, చెప్పడానికి ఏదో ఒక కారణం కావాల్సి ఉండొచ్చు. ఏదో తెలియకుండా మీరు బట్టల మీద డబ్బు, మనశ్శాంతి ఖర్చు పెట్టకూడదు.

ఒక అరగంట టైమ్ అడగండి. "మీరు చెప్పిన ప్రెజెన్స్ గురించి పని మొదలుపెడదామనుకుంటున్నాను. పోయిన మూడు నెలల్లో ఏ మీటింగ్‌లో అది తక్కువైందనిపించింది? నేను ఏం చేసి ఉంటే సరిపోయేది?" అని అడగండి. మనిషి గురించి కాకుండా సంఘటన గురించి అడిగితే జవాబు దాటవేయడం కష్టం. ఆయన తటపటాయిస్తే "బట్టల గురించా? ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి" అని మీరే అనేయండి. నిజంగా అదే అయితే ఊపిరి పీల్చుకోండి, నెల రోజుల్లో తీరిపోయే సమస్య. అది కాకపోతే అసలు సంగతి బయటికి వస్తుంది. ఆ సాయంత్రమే, మాట్లాడుకున్న విషయాలు, వచ్చే రివ్యూలోపు మీరు చూపించాల్సినవి నాలుగైదు లైన్లలో మెయిల్ పెట్టి, "ఇంకేమైనా ఉంటే చేర్చండి" అని రాయండి. క్లయింట్ మీటింగ్‌లో మిమ్మల్ని లీడ్‌గా పరిచయం చేయాలన్న మాట కూడా ఆ మెయిల్‌లోనే పెట్టండి, అది ఆయన చేయాల్సిన పని.